కిటికీకి ఎదురుగా కిటికీ

"మీరు కారు పెడుతున్నారా, పూలు అల్లుతున్నారా?"

కేకులమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టి అతనితో అన్న మొదటి మాట అది. ముందున్న బూడిదరంగు కారు కాస్త వెనక్కి వెళ్తోంది, ఆగుతోంది, ముందుకొస్తోంది, మళ్లీ వెనక్కి వెళ్తోంది. షాపుల వెనకున్న పార్కింగ్ దారి సన్నది, పక్కనుంచి దూరిపోవడానికి సందు లేదు. ఆమె వెనక సీట్లో వెన్న కరిగిపోతోంది. డిక్కీలో కోడిగుడ్ల అట్టలున్నాయి. షాపు తెరవకముందే వచ్చే ఒక పెద్దావిడ ఈపాటికి గుమ్మం దగ్గర చేతిగడియారం చూసుకుంటూ ఉంటుంది.

"ఒక్క నిమిషమండీ, అయిపోయింది," అన్నాడు ఆ కారులోని యువకుడు.

"ఆ నిమిషం ఎప్పుడో అయిపోయింది."

అతను రెండు తెల్లగీతల మధ్య, కొలిచి పెట్టినట్టు, కారుని వెనక్కి నిలబెట్టాడు. ఆమె అతని పక్క గీతల్లోకి ఒక్క ఊపులో ముందుకు దూసుకెళ్లి బ్రేకు తొక్కింది. తీరా తల తిప్పితే అతని ముఖం చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది.

ఒకరు వెనక్కి పెట్టారు, ఒకరు ముందుకు పెట్టారు. దాంతో అతని డ్రైవరు కిటికీ, ఆమె డ్రైవరు కిటికీ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. మధ్యలో ఉన్న జాగాలో ఒక తలుపే తెరుచుకుంటుంది.

"మీరు ముందు దిగండి, తొందరలో ఉన్నారుగా," అన్నాడు అతను.

"తొందర లేనివాళ్లే ముందు దిగండి. మళ్లీ దిగడానికి ఎంతసేపు పడుతుందో."

అతను నవ్వాడు. నవ్వుతాడని ఆమె అనుకోలేదు. పోట్లాటకి సిద్ధమై వచ్చిన మనిషికి ఎదుటివాడు నవ్వితే కాళ్లూ చేతులూ ఆడవు.

"అలా ముందుకు దూర్చేస్తే ఎలాగండీ? సాయంత్రం తీసేటప్పుడు వెనక ఎవరొస్తున్నారో కనబడదు కదా," అన్నాడు.

"సాయంత్రం సంగతి సాయంత్రం చూసుకుంటా. నాకు డిక్కీ దారివైపుండాలి. అదిగో, అదే మా షాపు వెనక తలుపు. గుడ్లు తీసి అటు తిరిగితే లోపలుంటాను. మీలా పెడితే నా డిక్కీ గోడకి అతుక్కుపోతుంది."

"నాకు ముక్కు దారివైపుండాలి. ఫోనొస్తే ఎక్కి పోవడమే. నేను జంతువుల డాక్టర్ని. మీ పక్కన కొత్తగా తెరిచిన ఆస్పత్రి నాదే. ఆవులు, కుక్కలు, పిల్లులు చూస్తాను. మొన్నొక చిలక కూడా వచ్చింది."

"చిలకకేమైంది?"

"మాట్లాడటం మానేసిందట."

"మీరు కారు పెట్టడం చూసుంటుంది పాపం," అని ఆమె తలుపు తెరిచి దిగింది. తెరిచేటప్పుడు అతని తలుపుకి చిన్న గీత పడింది. సారీ చెప్పడానికి నోరు రాక గుడ్లు తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్న ఆమె వచ్చేసరికి అతను అప్పటికే కారు పెట్టుకుని, కిటికీ దించి కూర్చున్నాడు. "మీ దారికి అడ్డం రాకూడదని ముందే వచ్చేశాను," అన్నాడు. ఆమె డబ్బాలోంచి కేకు అంచుల ముక్కలు తీసి కిటికీలోంచి అందించింది. కేకు గుండ్రంగా రావాలంటే అంచులు కోసెయ్యాలి. ఆ ముక్కలు ఆమె ఎవరికీ పెట్టేది కాదు, తనే తినేది. ఆ సంగతి అతనికి తెలియదనుకోండి. మరో రోజు అతను కాగితం కప్పులో కాఫీ అందించాడు. అలా ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలయ్యాయి.

తర్వాత అదొక అలవాటైపోయింది. ఇంజన్లు ఆపి, అద్దాలు దించి, కాసేపు మాట్లాడుకుంటేగాని ఇద్దరికీ పొద్దు పొడిచినట్టుండేది కాదు. వాన వచ్చిన రోజు అద్దాలు కాస్తంతే దించి, ఆ సందులోంచే వాదించుకున్నారు. జల్లు లోపలికి కొట్టి అతని కళ్లజోడు తడిసింది. తుడుచుకోవడానికి తీస్తే, ఆ కళ్లు అంత మెత్తగా ఉంటాయని ఆమెకి అప్పుడే తెలిసింది. తెలిసాక ఇక మరచిపోవడం ఆమె వల్ల కాలేదు.

"నాకు చూపు సరిగ్గా ఆనడం లేదు, మీరు నవ్వుతున్నారా?" అన్నాడు అతను.

"లేదు," అంది ఆమె నవ్వుతూ.

ఆమె నాన్నని ఊళ్లో అందరూ బ్రేకు మాస్టారంటారు. ఉద్యోగమున్నంత కాలం డ్రైవింగ్ స్కూల్లో పక్క సీట్లో కూర్చుని, కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని జనానికి కారు నేర్పిన మనిషి. రిటైరైనా కాలికి ఆ అలవాటు పోలేదు. బస్సెక్కినా, ఎవరి కారెక్కినా, మలుపు రాగానే ఆయన కుడికాలు అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉంటుంది. తన సొంత కూతురు నడిపినా అంతే.

కూతురు అన్నం తింటూ నోరు జారి పక్క కారు డాక్టరు గురించి రెండు మాటలు చెప్పింది. ఆయన ముద్ద ఆపి చూశాడు.

"రివర్స్‌లో పెడతాడా?"

"రోజూ."

"ముక్కు బయటికి పెట్టుకుని కూర్చునేవాడు ఎప్పుడూ పోవడానికే చూస్తుంటాడమ్మా. నేనెంతమందిని చూశాను."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం ఆయన. అది తెలిసి కూడా ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగబడింది. ఎందుకంటే అతను నిజంగానే పోతుండేవాడు. ఆమె ఏదో చెబుతుండగా ఫోను మోగేది. "మళ్లీ కలుద్దామండీ," అని కారు తీసేవాడు. ముక్కు బయటికే ఉంది కాబట్టి కన్నుమూసి తెరిచేలోగా మాయమయ్యేవాడు. సగం మాట ఆమె నోట్లోనే ఉండిపోయేది.

ఒక శుక్రవారం ఆమె తాడో పేడో తేల్చుకోవాలనుకుంది. నచ్చిన చున్నీ వేసుకుంది. అంచుల ముక్కలు కాదు, చిన్న కేకే చేసి తెచ్చింది.

"డాక్టరుగారూ, మీకొక మాట చెప్పాలి."

"చెప్పండి."

"నవ్వకూడదు."

"నవ్వను."

"ఈ మధ్య నాకు పొద్దున్నే..."

ఫోను మోగింది. ఏదో గేదె, అడ్డం తిరిగిన దూడ. అతను ఫోను పెట్టి తాళం తిప్పాడు. "ఏమనుకోకండి, ఇది ఆగదు."

ఆమెకి ఒళ్లు మండింది. మండిందనేకన్నా మనసు చిన్నబోయిందంటే నిజం. "మీరెప్పుడూ ఇంతే. ఎప్పుడెప్పుడు పోదామా అనే అలా ముక్కు బయటికి పెట్టుకుంటారు. మా నాన్న అననే అన్నారు, అలా పెట్టేవాళ్లు ఎవరి దగ్గరా నిలవరని."

అతని ముఖంలో నవ్వు పోయింది. కారు కదిలి వెళ్లిపోయింది. ఆమె ఒళ్లో కేకు పెట్టుకుని ఖాళీ గీతల కేసి చూస్తూ ఉండిపోయింది.

శనివారం అతను రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లోని ముసలి కుక్క కేకు డబ్బాకి కట్టే రిబ్బను మింగేసింది. దాన్ని వాళ్లు ఇన్‌స్పెక్టరంటారు, ఎవరొచ్చినా చెప్పులు వాసన చూసి గానీ లోపలికి రానివ్వదు. రిబ్బను కొస నోట్లోంచి వేలాడుతోంది. మాస్టారు చేతులు వణుకుతూ ఆ కొస పట్టుకున్నాడు. ఆమె అభిమానం పక్కన పెట్టి ఫోను చేసింది.

"లాగొద్దని చెప్పండి. అస్సలు లాగొద్దు, లోపల పేగు తెగుతుంది. కదలకుండా పట్టుకోండి, వస్తున్నాను," అన్నాడు అతను. శుక్రవారం మాట ఎత్తనే లేదు.

ఫోను పెట్టిన కాసేపటికే బూడిదరంగు కారు వీధిలోకి వచ్చింది. వాళ్ల గేటు ఇరుకు. కారు నేర్చుకునే రోజుల్లో ఆమె ఆ గేట్లోకి వెనక్కి పెట్టబోయి స్తంభాన్ని గుద్దింది. ఆ స్తంభం ఇప్పటికీ వంగే ఉంది. అప్పట్నుంచీ ఆమె కారుని వెనక్కి తీస్తుంది గానీ, ఎక్కడికీ వెనక్కి దూర్చదు. అదే గేట్లోకి అతను ఒక్క తిప్పులో వెనక్కి వచ్చేశాడు, ముందుకీ వెనక్కీ లేదు, పూలు అల్లడమూ లేదు. కుక్కని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు, ఆమె దాని పక్కన కూర్చుంది. మాస్టారు ముందు సీట్లో కూర్చున్నాడు. కారు తిన్నగా రోడ్డెక్కింది.

ఆపరేషనయ్యాక అతను బయటికి వచ్చి, "వాడికేం భయం లేదండీ, ఈ రాత్రికి ఇక్కడే ఉంచుతాను," అని మాస్టారుతో చెప్పాడు. ఆమె వైపు చూసి, చూడనట్టు లోపలికి వెళ్లాడు.

ఇంటికొచ్చాక ఆమె చాలాసేపు గుమ్మంలో నిలబడింది. అతను రోజూ పోయేది ఎక్కడికో ఇవాళే చూసింది. ఎవరో చేతులు వణుకుతూ ఎదురుచూస్తుంటే, వాళ్ల దగ్గరికి. తను అతన్ని ఎంత మాటంది. సారీ చెప్పాలి, చెప్పబోతే ఫోను మోగుతుంది. కారుతోనే చెప్తే?

"నాన్నా, వెనక్కి పెట్టడం నేర్పుతావా?"

"ఇన్నాళ్లకా?" అన్నాడు మాస్టారు. ఇంకేం అడగలేదు. వాకిట్లో రెండు పూలకుండీలు తెచ్చి గీతల్లా నిలబెట్టాడు. చీకటి పడేలోగా ఒక కుండీ పగిలింది. రెండోది మిగిలింది.

మర్నాడు ఆమె అందరికన్నా ముందు వెళ్లి, చెమటలు కక్కుతూ, కారుని వెనక్కి పెట్టింది. కాస్త వంకరగా వచ్చింది గానీ గీతల మధ్యే ఉంది. కిటికీ దించి కూర్చుంది. కాసేపటికి బూడిదరంగు కారు వచ్చింది. గీతల ముందు ఆగలేదు, తిరగలేదు. తిన్నగా ఆమె పక్క గీతల్లోకి ముందుకు దూరి గోడకి ముక్కు ఆనించినట్టు నిలబడింది.

ఆమె నవ్వుతూ కిటికీ వైపు తిరిగింది. అటువైపు అతని కారు లేదు, ఒక సిమెంటు స్తంభం ఉంది. అవతల అతను తన కిటికీ వైపు తిరిగి ఎవరిదో వ్యాను చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి ఇటు తిరిగారు. ఇప్పుడు వాళ్ల మధ్య రెండు కార్ల ఖాళీ సీట్లున్నాయి.

ఆమె గేరు మీదుగా కాళ్లు ఎత్తి పక్క సీట్లోకి జరిగింది, కేకు డబ్బాల అట్టలు నలిగాయి. అతనూ జరిగాడు, సీట్లో ఉన్న పిల్లుల బుట్టని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇదేంటండీ?" అంది ఆమె.

"నేనడగాలి ఆ మాట. మీరెందుకు వెనక్కి పెట్టారు?"

"మీ పద్ధతే సరైందని చెప్దామని. ఆ రోజు అన్నదానికి సారీ చెప్దామని. మరి మీరెందుకు ముందుకి పెట్టారు?"

"పారిపోయేవాణ్ణి కాదని చెప్దామని." అతను బుట్ట పిడి సర్దుకున్నాడు. "ఫోనొస్తే వెళ్తానండీ, వెళ్లకుండా ఉండలేను. కానీ ఎక్కడికి వెళ్లినా ఇక్కడికే రావాలనుంటుంది. ఈ రెండో సగం మీకెప్పుడూ చెప్పలేదు. శనివారం రాలేదంటే, ఎలా చెప్పాలో తోచకే."

ఆమె చెప్పాల్సింది చెప్పేలోగా అతని ఫోను మోగింది. అతను దాని వైపు చూశాడు గానీ ఎత్తలేదు.

"ఎత్తండి," అంది ఆమె.

"ముందు మీరు శుక్రవారం చెప్పబోయింది చెప్పండి. ఈ ఒక్కసారికి అదే ముందు."

"మీరంటే ఇష్టం. ఇప్పుడెత్తండి."

అతను ఎత్తాడు. చెవి దాకా ఎర్రబడి ఉన్నాడు. "మీ నాన్నగారు," అని స్పీకరు పెట్టాడు.

"బాబూ, ఇన్‌స్పెక్టరు ఎలా ఉన్నాడు?"

"రాత్రే లేచి నా చెప్పులు వాసన చూశాడండీ."

"అయితే కోలుకున్నట్టే. మా అమ్మాయి వెనక్కి పెట్టిందా?"

"పెట్టారండీ. కాస్త వంకరగా."

"ఎవరికోసం నేర్చుకుందో నాకు తెలియదనుకుంది. ఒక కుండీ మీ ఖాతాలో పగిలింది." మాస్టారు గొంతు తగ్గించాడు. "నిన్న మీ పక్కన కూర్చుని ఆస్పత్రి దాకా వచ్చానా. దిగాక గమనించాను బాబూ. దారంతా నా కాలు కదల్లేదు."

ఆమె అద్దం మీద చెయ్యి పెట్టుకుని తల వాల్చేసింది. ఆ మాట విలువెంతో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

"అంటే నాన్నా..."

"నువ్వూ ఉన్నావా అక్కడ? సరే, ఇద్దరూ వినండి. రేపు పెళ్లయ్యాక ఒకే కారనుకోండి, ఎలా పెడతారు?"

"వెనక్కి," అన్నాడు అతను.

"ముందుకి," అంది ఆమె అదే క్షణాన.

అవతల మాస్టారు గట్టిగా నిట్టూర్చాడు. "రెండు కార్లూ ఉంచుకోండి. ఏదీ అమ్మకండి. పక్కపక్కనే పెట్టుకోండి," అని ఫోను పెట్టేశాడు.

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడతను మెల్లగా అడిగాడు, "గుడ్లు డిక్కీలోనే ఉన్నాయా?"

"అవును," అంది ఆమె, గోడకి అతుక్కుపోయిన డిక్కీని తలచుకుని. "అది మాత్రం ఆలోచించలేదు."

ఇద్దరూ మళ్లీ గేర్ల మీదుగా దాటి, కార్లు బయటికి తీశారు. ఆమె ఒక్క ఊపులో ముందుకి దూసుకెళ్లింది. అతను కాస్త వెనక్కి వెళ్లి, ఆగి, ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లాడు. ఈసారి ఆమె తల బయటపెట్టి ఏమీ అనలేదు. అతని ముఖం అంగుళం అంగుళంగా తన పక్కకి రావడం చూస్తూ కూర్చుంది.

కిటికీకి ఎదురుగా కిటికీ వచ్చి ఆగింది.

"మీరు ముందు దిగండి," అన్నాడు అతను.

"మీరే దిగండి," అంది ఆమె.

ఇద్దరూ దిగలేదు. షాపు ముందు పెద్దావిడ మాత్రం చేతిగడియారం చూసుకుంటూ నిలబడింది.