ఉప్పుటేరుకి ఇరవై ఎనిమిది మార్కులు

రెండో శనివారం కావడంతో శ్యామ్ బాబు మాస్టారికి బడి లేదు. బడి లేని రోజంటే ఆయనకి మహా హుషారు. పొద్దున్న ఏడింటికే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని, తల పైకీ కిందకీ ఊపుతూ కూర్చున్నారు. రాజోలులో ఆ వీధి వాళ్ళకి ఇది పాతికేళ్ళ అలవాటు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు మాత్రం పాపం మాస్టారికి మెడ నొప్పి కాబోలనుకుంటారు.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఈ యాభై ఒక్కేళ్ళ మనిషికి హెవీ మెటల్ పిచ్చి. కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో రూమ్మేటు ఎవరో ఒక కేసెట్ వినిపించాడు. అంతే, పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. ఇప్పుడు ‘రాజోలు రాక్ మాస్టారు’ అని యూట్యూబ్ ఛానల్ కూడా ఉంది. ప్రతి ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, ఆ వారం విడుదలైన రాక్, మెటల్ ఆల్బమ్‌ల మీద తన అభిప్రాయం చెప్పి, పరీక్ష పేపర్లకి వేసినట్టు వందకి మార్కులు వేస్తారు. ముప్ఫై అయిదు దాటితే పాస్. ఆ మార్కుల కోసం పద్నాలుగు వేల మంది కాచుకుని కూర్చుంటారు.

“మూడుసార్లు వినందే నోరు విప్పను. నా కూతురు పాడినా ఒక్క మార్కు కలపను.” ప్రతి వారం మొదట ఆయన చెప్పే మాట ఇది.

“ఏవండీ! మినపరొట్టె చల్లారిపోతోంది. ఆ గోల కాస్సేపు ఆపి రండి,” లోపల్నుంచి లీలావతి కేక వేసింది.

ఆయన హెడ్‌ఫోన్లు మెళ్ళో వేసుకుని వచ్చి కూర్చున్నారు. నోట్లో ముక్క పెట్టుకోకుండానే మొదలు పెట్టారు.

“లీలా, ఈ నార్వే వాళ్ళ కొత్త ఆల్బమ్ చూశావూ...”

“నేనెక్కడ చూస్తానండీ? రొట్టె మాడకుండా చూస్తున్నాను.”

“పదకొండు నిమిషాల పాట. తొమ్మిది నిమిషాలు ఉత్త గాలి హోరే. మిగిలిన రెండు నిమిషాలకి మాత్రం ఆస్తి రాసిచ్చేయొచ్చు. డెబ్భై ఆరు వేసేను. ఆ ఇంగ్లండు ముసలాళ్ళు లేరూ, పద్ధెనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ కలిసేరు. పాటలు బానే ఉన్నాయి గానీ, ప్రతిదానికీ కంప్యూటర్ మెరుగు పెట్టేసేరు. రంగేసుకున్న జుట్టులాగుంది. యాభై రెండు చాలు వాళ్ళకి.”

మామూలు రోజుల్లో అయితే ఈ పాటికి కూతురు కరుణ గదిలోంచి పరుగెత్తుకొచ్చి, “యాభై రెండేంటి డాడీ, అన్యాయం!” అని దెబ్బలాటకి దిగేది. ఇరవై మూడేళ్ళ పిల్ల. కాకినాడలో ఇంజనీరింగ్ ముగించి ఇంటిదగ్గర బ్యాంకు పరీక్షలకి చదువుకుంటోంది. చర్చిలో గిటార్ వాయిస్తుంది, పాడుతుంది. మెటల్ పిచ్చి మాత్రం అచ్చంగా తండ్రిదే. అలాంటిది మూడు వారాలుగా పెదవి విప్పి నాలుగు మాటలు మాట్లాడలేదు. పరీక్షల బెంగ అనుకున్నారు మాస్టారు. అడగలేదు.

ఇంతలో కరుణ భుజాన గిటార్ సంచీ తగిలించుకుని బయటికొచ్చింది.

“అమ్మా, గిటార్ చర్చిలో ఇచ్చేసొస్తాను. సండే స్కూల్ పిల్లలు నేర్చుకుంటారు.”

మాస్టారి చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. “ఇచ్చేయడం ఏంటమ్మా? టెన్త్ పాసైనప్పుడు ముచ్చటపడి కొనుక్కున్నావు కదా!”

“నేనింక వాయించను డాడీ. బాలేదన్నారు.”

“ఎవడాడు అన్నవాడు? అసలు సంగీతం అంటే తెలుసా వాడికి?”

లీలావతి అట్లకాడ గట్టున పెట్టి ఇటు తిరిగింది. “తెలుసుటండి. చాలా బాగా తెలుసుట,” అంది.

ఆవిడ గొంతులో వెటకారం మాస్టారికి అర్థం కాలేదు. కూతురి వంక చూశారు.

“ఉప్పుటేరు అని ఒక ఆల్బమ్‌కి మార్కులు వేసేరు. గుర్తుందా డాడీ?” అని అడిగింది కరుణ.

“లేకేం!” మాస్టారు పకపకా నవ్వారు. “తెలుగులో మెటల్‌ట! పేరు చూస్తే చేపల పులుసు హోటల్‌లాగుంది అన్నాను, జనం ఒకటే నవ్వు. ఇరవై ఎనిమిది. అవీ జాలిపడి వేసినవే. ఆ అరిచేవాడి గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు...”

“వాడు కాదు డాడీ. నేను.”

నవ్వు సగంలో ఆగిపోయింది.

“మాదే ఆ బ్యాండు. కాలేజీలో కలిసేం నలుగురం. పద్నాలుగు నెలలు పట్టింది ఎనిమిది పాటలు చెయ్యడానికి. అంబాజీపేటలో మా డ్రమ్మర్ తాతాజీ వాళ్ళ మావయ్యగారి కొబ్బరిపీచు షెడ్డులో రికార్డు చేసేం. చుట్టూ పీచు మోపులుంటే శబ్దం బయటికి పోదని.”

మాస్టారి నోటికి మంచి మాట రాలేదు. తప్పు పట్టుబడిన మనిషి ముందు దబాయించడానికే చూస్తాడు కదా!

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే మార్కులు కలిపేస్తారని.”

“కలపను! నా సంగతి తెలిసే అడుగుతున్నావా? కూతురివని బాలేనిదాన్ని బాగుందనమంటావా? ఆ రెండో పాటకి ఒక దారీ తెన్నూ...”

“బాలేదంటే బాధ లేదు డాడీ.” అంది కరుణ. “బాలేదనడానికి ముందు వినాలి కదా.”

“వినకేం! మూడుసార్లు విన్నాను!”

“అయితే చెప్పండి. అయిదో పాట ఎలా ఉంది?”

“అయిదో పాట... అదీ అంతే. ఒకటే డ్రమ్స్ బాదుడు. ఎనిమిది పాటల్లోనూ అదే బాదుడని ఆ రోజే చెప్పేను కదా.”

“అయిదో పాటలో డ్రమ్స్ లేవు డాడీ. అరుపుల్లేవు. ఒక్క గిటార్ పెట్టుకుని నా మామూలు గొంతుతో పాడేను.”

మాస్టారు మెళ్ళో హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టారు.

“నాకు మెటలూ తెలీదు, మన్నూ తెలీదు,” అంది లీలావతి. అప్పటికే ఆవిడ ఏడుస్తోంది. “మొదటి మాటకే నా పిల్ల గొంతని గుర్తుపట్టేనండీ. మీరు విని ఉంటే గుర్తుపట్టరా? చెప్పొద్దని ఒట్టేయించుకుంది గానీ, ఈ మూడు వారాలూ మీ మొహం చూసి అన్నం పెట్టలేకపోయేను.”

నిజమేమిటో మాస్టారికి తెలుసు. ఆ వారం అమలాపురంలో టెన్త్ పేపర్ల స్పాట్ వాల్యుయేషన్. రోజుకి నలభై పేపర్లు దిద్ది, ఒళ్ళు హూనమై, తిరుగు బస్సులో మూడు పాటలు విన్నారు. సరుకెంతో తెలిసిపోయిందిలే అనుకుని కళ్ళు మూసుకున్నారు. మర్నాడు ఆదివారం. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, నవ్వించే మాటలు నాలుగు పేర్చి చెప్పేశారు. పెద్ద చదువరి, పెద్ద రసికుడు! ఆయన చేసిందింతే.

“స్పాట్ నుంచి వచ్చి రోజూ ఏం చెప్పేవారు డాడీ మీరు? ఒక్క జవాబు దిద్దకుండా వదిలేసినా పాపం చుట్టుకుంటుందనేవారు. ఆఖరి ఖాళీ పేజీ దాకా తిప్పి చూస్తాననేవారు. ఎవరి పిల్లలో మొహం కూడా తెలీదు, వాళ్ళ పేపర్లు అలా దిద్దేరు. మాది ఆఖరి దాకా తిప్పకుండానే విసిరేసేరు.”

“కరుణా...”

“ఆ ఆదివారం మేం నలుగురం ఆ షెడ్డులోనే కూర్చుని చూసేం మీ వీడియో. మీరు పాస్ చేస్తే పంచుకుందామని తాతాజీ తాపేశ్వరం కాజాలు తెచ్చేడు. మీరు నవ్వుతూ నవ్వుతూ చెప్తున్నారు. వాడు ఫోను నా చేతికిచ్చేసి, ‘మాస్టారే అనేసేరు కదా, ఇంకెందుకులే’ అన్నాడు. ఆ కాజాల పొట్లం ఎవరూ విప్పలేదు డాడీ.”

కరుణ మెట్లు దిగి వెళ్ళిపోయింది. లీలావతి వెనకాలే గుమ్మం దాకా వెళ్ళి, వీధి మలుపు దాకా చూసి, లోపలికొచ్చింది. భర్త ముందున్న పళ్ళెం తీసేసింది. తిట్టినా బాగుణ్ణనిపించింది మాస్టారికి.

ఆయన లేచి చేయి కడుక్కున్నారు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఒక తెల్లకాగితాల పుస్తకం, ఎర్ర కలం ముందు పెట్టుకుని, ఉప్పుటేరు మొదటి పాట పెట్టారు. రెండోది. మూడోది. ఎక్కడా ఆపలేదు. నాలుగో పాటలో గిటార్ ఒకచోట తిరిగిన తిరుగుడికి వెన్ను జల్లుమంది. ఇన్నాళ్ళూ నార్వేలో, స్వీడన్‌లో వెతుక్కున్నది పక్క గదిలో కూర్చుని నేర్చుకుంది పిల్ల.

అయిదో పాట మొదలైంది. పొలంలోకి ఉప్పునీళ్ళు ఎక్కిన ఏడాది గురించి పాట. మాటలు ఆయన చెవికి సరిగ్గా ఎక్కనే లేదు. పై స్థాయి అందుకునే ముందు ముక్కుతో చిన్నగా ఊపిరి పీల్చుకోవడం కరుణకి చిన్నప్పట్నించీ అలవాటు. చర్చిలో పాడేటప్పుడు అది మైకులో వినపడుతోందని ఎన్నిసార్లు కసిరారో! ఆ ఊపిరి వినపడింది. మాస్టారు కలం కింద పడేసి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు. నా తల్లీ, నిన్ను పద్నాలుగు వేల మంది ముందు నవ్వులపాలు చేసేను కదమ్మా అని వెక్కి వెక్కి ఏడ్చారు.

ఆ పూట భోజనానికి లేవలేదు. మూడుసార్లు విన్నారు, మొత్తం ఎనిమిది పాటలూ. ఆ తర్వాత చొక్కా అయినా మార్చుకోకుండా ఫోను ఎదురుగా పెట్టుకుని మాట్లాడారు. “నేను శ్యామ్ బాబుని. మూడు వారాల క్రితం ఒక ఆల్బమ్‌కి ఇరవై ఎనిమిది మార్కులు వేసేను. దాన్లో మూడు పాటలే విన్నాను. మిగతా అయిదూ విన్నట్టు అబద్ధం ఆడేను. మీరు నవ్వినందుకు మీ తప్పు లేదు, నవ్వించింది నేను. ఆ పిల్లలకి క్షమాపణలు చెప్తున్నాను.” అది ఛానల్లో పెట్టేశారు. కూతురని చెప్పలేదు. చెబితే జనం జాలి తనకే దక్కుతుందని తెలుసు.

కరుణ నాలుగింటికి వచ్చింది. భుజాన గిటార్ లేదు. అరుగు మీద తండ్రి పక్కన పుస్తకం చూసి ఆగింది. ఆయన దాన్ని అందించారు. ఎనిమిది పాటలకీ ఎనిమిది పేజీలు, ఎర్ర సిరాతో. నిలబడే మొదలుపెట్టి, మూడో పేజీకి వచ్చేసరికి కూర్చుంది.

“రెండో పాట నిజంగానే బాలేదా డాడీ?”

“బాలేదమ్మా. రెండు పాటల్ని తెచ్చి ఒకదానికి కుట్టేసేరు. ఆ కుట్టు కనపడిపోతోంది.”

కరుణకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “నేనూ అదే అన్నాను వాళ్ళతో. వినలేదు.” పేజీలు అటూ ఇటూ తిప్పింది. “మార్కులేవి?”

“వెయ్యలేదు. ఇంక ఎవరికీ వెయ్యను. మళ్ళీ మొదలెట్టండమ్మా. నేను అడ్డం రాను.”

“ఎవరితో డాడీ? తాతాజీ డ్రమ్స్ అమ్మేసి సఖినేటిపల్లిలో రొయ్యల చెరువుల మీద పనికి చేరిపోయేడు. మిగతా ఇద్దరూ ఫోనే ఎత్తట్లేదు.”

“వాడి నంబరియ్యి,” అన్నారు మాస్టారు.

రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి ఎత్తాడు. వెనకాల చెరువులో రొయ్యలకి గాలందించే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు.

“తాతాజీ, నేను కరుణ వాళ్ళ నాన్నని బాబూ.”

“ఆయ్, నమస్కారమండి మాస్టారండీ. చెప్పండి.”

“ఆ రోజు మీ పాటలు నేను పూర్తిగా వినలేదయ్యా. వినకుండానే నోరు పారేసుకున్నాను. నన్ను క్షమించు.”

“అయ్యో, పెద్దవాళ్ళు మీరంత మాటనకూడదండి. పర్లేదండి. పనిలో పడిపోయేనండి ఇప్పుడు, బానే ఉందండి.” పెట్టేస్తాడేమో అనుకున్నారు మాస్టారు. అప్పుడు గొంతు తగ్గించి అడిగాడు. “ఇప్పుడు విన్నారాండి?”

“విన్నాను. మూడుసార్లు.”

“ఆరో పాట ఆఖర్న స్పీడు పెంచేను కదండి. అది... ఎలా ఉందండి?”

మాస్టారు కూతురి వంక చూశారు. కరుణ ఫోను దగ్గరికి చెవి పెట్టి వింటోంది. బాగుందనేస్తే సరిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

“అక్కడ తడబడ్డావయ్యా,” అన్నారు. “స్పీడు పెంచిన వెంటనే ఒక దెబ్బ వెనకపడింది. ఆపేస్తావనుకున్నాను. ఆపలేదు. నాలుగు దెబ్బల్లో అందుకుని మళ్ళీ అందరికన్నా ముందుకెళ్ళిపోయేవు. ఆ నాలుగు దెబ్బలూ ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో నాకే తెలీదు.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

“తడబడ్డానండి,” అన్నాడు తాతాజీ. “ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదండి. మా వాళ్ళు కూడా.” మళ్ళీ ఆగి అన్నాడు. “ఉంటానండి మాస్టారండీ. మేత వెయ్యాలండి. టైమైపోయింది.”

“మళ్ళీ వాయిస్తావా బాబూ?”

“చూద్దామండి,” అన్నాడు. ఆ ‘చూద్దామండి’లో ఆశ ఎంతో, మర్యాద ఎంతో ఆ ఊరి వాళ్ళకి కూడా చెప్పడం కష్టం. ఫోను ఆగిపోయింది.

లీలావతి రెండు గ్లాసుల్లో టీ తెచ్చి పెట్టి గుమ్మానికి చేరగిలబడింది. కరుణ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తండ్రి భుజానికి తల ఆనించింది. మూడు వారాల తర్వాత ఆ పిల్ల అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదటిసారి. మాస్టారు ఆ తల కదలకుండా ఒక చేత్తోనే టీ గ్లాసు అందుకున్నారు.

“నేను వినకుండా వదిలేసిన అయిదు పాటలూ కలిపి ఎంతసేపో ఇందాక లెక్కేసేనమ్మా,” అన్నారు. “ఇరవై రెండు నిమిషాలు. అంతే. ఆ రోజు ఇంకో ఇరవై రెండు నిమిషాలు మెలకువగా కూర్చోలేకపోయేను.”