బేరింగు మీద చీమలు

"నా మొగుడు లక్మా గ్రీజు పెట్టలేదంట! అందుకే బేరింగు పట్టేసి, బెల్టు తెగి వాని చెయ్యి పోయిందంట. పైనుంచి క్రషర్ సేఠ్ వాని మీదనే కేసు పెడతడంట అక్కా!" కోసి డిటెక్టివ్ తిరుపతమ్మ ఇంటి గుమ్మంలోనే నిలబడి అరిచింది.

సహాయకురాలు నవీనకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి పోగొట్టుకున్నవాణ్ణి జైలుకు పంపుతారా, ఎంత అన్యాయం! తిరుపతమ్మ అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

తోంగ్‌పాల్ ఊరు దాటాక ఉంది ఆ రాళ్ల క్రషర్. స్టోర్ కీపర్ కమలేష్ ఎదురొచ్చాడు.

"లక్మా ఉట్టి సోమరి దీదీ. డబ్బా నిండ గ్రీజిచ్చిన. వాడు పెడితే గద!"

"స్టోరు తాళం ఎవరి దగ్గర?" అడిగింది తిరుపతమ్మ.

"నా దగ్గరనే. సేఠ్ గూడ ముట్టడు."

షెడ్డంతా డీజిల్ కంపు, ఇంకో వాసన తెలిసే దారే లేదు. పగిలిన బేరింగు నిండా చీమలు. పక్కనే ఉన్న గ్రీజు డబ్బాలో చలికి గడ్డకట్టిన లేత పసుపు ముద్ద, మూత లోపల మాత్రం నీలం మరకలు. బయట కమలేష్ సొంత ట్రాక్టరు కీళ్లకూ నీలం జిడ్డే. అన్నీ చూసినా నవీనకు ఏమీ తట్టలేదు.

తిరుపతమ్మ అందరినీ బయట టీ పొయ్యి దగ్గరికి పిలిచింది. ఆ ముద్దను గరిటెతో పొయ్యి మీద పెట్టింది. చూస్తుండగానే నీళ్లలా కరిగింది.

కోసి ముక్కుపుటాలు అదిరాయి. "ఇది టోరా నూనె! ఇప్పగింజలది. మా ఇంట్ల వంటకు వాడేదే!"

"అవును," అంది తిరుపతమ్మ. "గ్రీజుకు చీమలు పట్టవు. బేరింగులో ఇన్ని చీమలు చేరాయంటే లక్మా ఇచ్చింది ఇచ్చినట్టే పెట్టాడు. యంత్రం వేడెక్కగానే అది కరిగి కారిపోయింది. తర్వాత ఇనుము మీద ఇనుమే. అసలైన నీలం గ్రీజు ఏమైందో ట్రాక్టరును చూస్తే తెలుస్తుంది కమలేష్."

కమలేష్ గబగబా అందుకున్నాడు. "మా ఊళ్ల బండి ఇరుసుకు టోరానే పూస్తం! తిరుగుతలేదా? నూనె ఏదైతే ఏందనుకున్న!"

"అట్లాంటప్పుడు నీ ట్రాక్టరుకు టోరా ఎందుకు పూయలేదురా?" అంది తిరుపతమ్మ.



క్రషర్ యజమాని ప్రకాష్ గొంతు సవరించుకున్నాడు. "సరే, అయిందేదో అయింది..."

"ఏందయ్యా అయింది?" కోసి అతని మీదికి దూసుకెళ్లింది. "నా మొగుని మీద పోలీసులను పిలుస్తనంటివి గద సేఠ్. పిలువు, ఇప్పుడు పిలువు!"

నవీన తన ఫోను తీసి అతని చేతిలో పెట్టింది.