వల్లె వేసిన దొంగతనం

దీపాలు పెట్టే వేళకి కొత్తలంకలో ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు నిలబడి గోడతో మాట్లాడుతున్నారు. "ఐ మెండెడ్ ది నెట్ కేర్‌ఫుల్లీ" అంటున్నాడు వలలు బాగుచేసే ముసలాయన. పక్కింట్లో ఒక తల్లి తన కూతురి తరఫున "షీ వాష్డ్ ది వెసెల్స్ క్విక్లీ" అని చెబుతోంది. గోడల్లో అమర్చిన నిజశ్రవణి అనే యంత్రం అవన్నీ వింటోంది, విన్నదల్లా జరిగిందని నమ్ముతోంది.

సముద్రం పైకొచ్చి పాత ఊళ్ళను మింగేశాక, తేలే దిమ్మెల మీద కట్టిన కాలనీ అది. అక్కడ పోలీసు లేడు, తాళమూ లేదు. మనిషి గొంతు విని తలుపు తెరుచుకుంటుంది. ఎవరికి తెరవాలో నిజశ్రవణి చెబుతుంది. చేసిన పని సాయంత్రం దినవాక్యంగా పైకి చెబితేనే చేసినట్టు లెక్క. అదీ ఇంగ్లీషులోనే చెప్పాలి. తయారుచేసిన మహానుభావులు దానికి ఆ ఒక్క భాషే నేర్పారు మరి! తెలుగు దాని చెవికి ఉత్త గాలిహోరు. అందుకని ఊరు ఊరంతా ముదురు వయసులో పలకా బలపం పట్టింది. ఎవరు చేశారో ముందు, అయిపోయిన పని తర్వాత, దేన్ని చేశారో ఆ వెనక, ఎలా చేశారో చివర. వరస తప్పితే శ్రవణికి ఎక్కదు. ఆ వరస నేర్పేది ఏసుపాదం మాస్టారు.

మాస్టారు తన దినవాక్యం చెప్పుకోబోతుండగా మంగతాయారు పరుగెత్తుకొచ్చింది. కోళ్ళు పెంచుకుని బతికే మనిషి, ఆయన క్లాసులో ముందు వరస శిష్యురాలు.

"మాస్టారండీ, ఓసారి రండి! నూకరాజుకి మా తలుపు తెరుచుకోవట్లేదండి!"

నూకరాజు ఉప్పుతీత మరలు బాగుచేస్తాడు. సముద్రపు నీళ్ళు తాగే నీళ్ళయ్యేది ఆ మరల వల్లే. కాలనీలో అతను కాలు పెట్టని వంటిల్లు లేదు. ఇంటివాళ్ళు లేకపోయినా తలుపులు అతనికి తెరుచుకునేవి. ఇప్పుడతను మంగతాయారు గుమ్మం ముందు పనిసంచి భుజాన వేసుకుని మూసిన తలుపుని బతిమాలుతున్నాడు.

"నేనేనమ్మా, నూకరాజుని." తలుపు ఉలకలేదు, పలకలేదు. అతను మాస్టారి వైపు తిరిగాడు. "పొద్దున్నించీ ఏ ఇల్లూ తియ్యట్లేదండి. నేనేం చేశానండి మాస్టారూ?"

మర్నాడు మాస్టారు శ్రవణి కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి అధికారిణి హైమవతి, నూకరాజు గురించి శ్రవణి విన్న మాటల్ని తిరిగి వినిపించింది.

"నూకరాజు స్టోల్ ది హెన్!" అంది ఒక గొంతు. వెనకాలే బోలెడు గొంతులు రాగం తీస్తూ అదే మాట అన్నాయి. "హీ స్టోల్ ఇట్ సైలెంట్లీ!" మళ్ళీ అందరూ.

ఆ మొదటి గొంతు తనదే. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

ఆయన క్లాసు పద్ధతే అది. తాను ఒక వాక్యం అంటారు, అందరూ కలిసి వల్లె వేస్తారు. ఊరూ పేరూ తెలియని మనుషులైతే గుర్తుండరని, తెలిసినవాళ్ళ పేర్లే పెడతారు. నవ్వొస్తే ఇంకా బాగా గుర్తుంటుంది. నూకరాజు దొంగతనం చెయ్యడం కంటే నవ్వొచ్చే సంగతి కొత్తలంకలో ఏముంది? ఆ వాక్యం మొదటిసారి చెప్పించిన రోజు, క్లాసు గుమ్మంలో మర విప్పుకుని కూర్చున్న నూకరాజే అందరికంటే గట్టిగా నవ్వాడు. "బాగుందండి మాస్టారూ, నన్ను దొంగని చేసేశారు!" అన్నాడు. ఆ నవ్వు చూసి మురిసిపోయి నెలరోజులు అదే వాక్యం చెప్పించారు.

"అది పాఠమమ్మా! నిజం కాదు," అన్నారు మాస్టారు.

"క్లాసు గోడలోనూ అది వింటూనే ఉంటుంది. మీ నవ్వులు దానికేం తెలుసండీ? ఇంతమంది కలిసి, రోజూ, ఒకే అబద్ధం చెబుతారని దాన్ని చేసినవాళ్ళు అనుకోలేదు. వాళ్ళ దేశంలో మనలా వల్లె వెయ్యరు కాబోలు."

"మరి దారేంటమ్మా?"

"ఎలా ఎక్కించారో అలాగే దింపండి."

ఆ రోజు నుంచీ క్లాసులో పాఠం మారింది. "నూకరాజు నెవర్ స్టోల్ ది హెన్. హీ వర్క్‌డ్ ఆనెస్ట్లీ." ఈసారి ఎవరూ నవ్వలేదు. కొన్నాళ్ళకి తలుపులన్నీ మళ్ళీ తెరుచుకున్నాయి. హమ్మయ్య అనుకున్నారు మాస్టారు. అక్కడితో అయిపోయిందనే అనుకున్నారు.

ఒకనాడు పొద్దున్న నూకరాజు పడవ నీటిసందు మలుపు తిరిగింది. దాన్ని చూస్తూనే మంగతాయారు "బా బా బా" అని కోళ్ళని పిలిచి గబగబా గంప కింద కమ్మేసింది. తన అరుగు మీంచి అది చూసిన మాస్టారికి ఒళ్ళు మండింది.

"సిగ్గులేదూ మంగతాయారూ? అతను దొంగతనం చెయ్యలేదని నీకు తెలీదా?"

"తెలుసండీ. అయ్యో, నాకు తెలీకపోవడమేంటండీ!" ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చెయ్యి దానంతటదే పోయిందండి. అన్నాళ్ళు అన్నాం కదండీ."

ఆమె గంప ఎత్తేసింది. మాస్టారు ఇంకో నాలుగు చివాట్లు పెట్టి గానీ లోపలికి వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నమే మాస్టారింట్లో మర మొరాయించింది. నూకరాజు వచ్చి దాన్ని విప్పాడు.

"మీరెళ్ళండి మాస్టారూ, క్లాసుకి ఆలస్యమవుద్ది. అయ్యాక నేనే తలుపేసి పోతాను," అన్నాడు, ఎప్పటిలాగే.

ఎప్పుడూ అయితే మాస్టారు వెళ్ళిపోయేవారు.

"పర్లేదులే, ఉంటాను," అన్నారు.

ఎందుకన్నారో ఆయనకే తెలియలేదు. ఛీ, అనుమానం కాదు, ఊరికే, అని తనకి తాను చెప్పుకున్నారు. కానీ ఆయన చూపు బల్ల మీదున్న తండ్రిగారి చేతిగడియారం మీదకి పోయింది. అక్కణ్ణుంచి నూకరాజు చేతుల మీదకి వచ్చింది. సరిగ్గా అప్పుడే నూకరాజు తలెత్తాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

మర నడిచింది. నూకరాజు చేతులు తుడుచుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ గొంతుక్కూర్చుని పనిసంచి నేల మీద బోర్లించాడు. పానాలు, రబ్బరు చుట్టలు, నూనెగుడ్డ పడ్డాయి. అన్నం క్యారేజీ మూత కూడా తీసి చూపించాడు.

"ఇదేంటి నూకరాజూ?"

"అలవాటు చేసుకున్నానండి. ఇప్పుడు అన్ని ఇళ్ళలోనూ ఇంతే. అడక్కముందే చూపించేస్తే ఇద్దరికీ బాధుండదండి." క్యారేజీ మూత పెడుతూ అన్నాడు, "మీ ఇంట్లో అక్కర్లేదనుకున్నాను."

మాస్టారు నేల మీద చతికిలబడి ఒక్కొక్క పానాన్నీ తీసి సంచిలో పెట్టారు. తలెత్తి అతని మొహం చూసే ధైర్యం చాల్లేదు. నూకరాజు వద్దనలేదు. అన్నీ సర్దాక సంచి అందుకుని పడవెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఊరంతా దినవాక్యాలు చెబుతోంది. మాస్టారూ అరుగు మీదకి వచ్చి గోడ ముందు నిలబడ్డారు.

"ఐ..." అన్నారు.

ఆ తర్వాత ఏం రావాలో ఆయనకి తెలుసు. ఊరందరికీ నేర్పినాయన.

"తప్పయిపోయింది నూకరాజూ," అన్నారు చివరికి, తెలుగులో. గోడకి గాలిహోరు వినిపించింది.