కెర అడిగిన పేరు

ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని ఊలు అనే పట్టణానికి డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోతుంది. ఆ గురువారం ఇల్పో వంటింట్లో కాఫీ కాచి, యాలకుల రొట్టె కోసి పళ్ళెంలో పెట్టాడు. ఎదురుగా హిల్యా కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. మంచు అంటిన బూట్లు గుమ్మంలో విప్పేసి, తడిసిన ఉన్ని మేజోళ్ళతోనే లోపలికొచ్చింది. రొట్టె ముట్టుకోలేదు.

"ఒక్కమాట అడిగి పోతాను నాయనా. కెర మీద మా అమ్మాయి తైమి పేరు పెట్టు. నీ పేరు కింద ఎక్కడో ఓ మూల పెట్టినా సరే."

కెర అంటే వాళ్ళ భాషలో నూలుండ. అదొక చిన్న కంప్యూటరు ప్రోగ్రాము. గోపురం ఎంత పెద్దది, దాన్ని ఎంత సన్నటి త్రికోణాలుగా కొయ్యాలి అని రెండే ప్రశ్నలడుగుతుంది. చెప్తే చాలు, కడ్డీలన్నీ, వాటి ముడులన్నీ లెక్కగట్టి ఫైలు రాసిస్తుంది. ఆ ఫైలును బొమ్మలు గీసే ఇంకో ప్రోగ్రాముకిస్తే, కన్ను ఎక్కడుందో చూసుకుని, అక్కణ్ణుంచి ఒక్కో వెలుగు కిరణం వెంటా పరుగెత్తి, నీడలతో సహా అచ్చం నిజమైన గాజు గోపురంలాంటి బొమ్మ గీస్తుంది. తైమి రెండు చలికాలాలు కూర్చుని రాసింది కెరను. ఆమె, ఇల్పో ఒకే డ్రాయింగు ఆఫీసులో పనిచేసేవారు. ఆమె ఆసుపత్రిలో పడ్డప్పుడు, డిస్కులు తను భద్రంగా దాస్తానన్నాడు ఇల్పో. ఆమె చనిపోయి వారం తిరక్కుండానే, ఆమె పేరు చెరిపి తన పేరు రాసుకున్నాడు. జర్మనీ నుంచి, హాలండు నుంచి అతనికి మెచ్చుకోలు ఉత్తరాలొచ్చేవి. మర్నాడు స్టాక్‌హోంలో జరిగే కంప్యూటరు బొమ్మల పోటీకి గోపురం బొమ్మ పంపాలి.

"నేను బయటికి తియ్యకపోతే ఆ డిస్కులు పెట్టెలోనే చెదలు పట్టేవి, హిల్యా గారూ."

"పట్టనీ. దాని చెదలు దానివి."

ఇల్పోకి చిరాకేసింది. "చచ్చిపోయినవాళ్ళకి పేరెందుకండీ!"

హిల్యా కప్పు కింద పెట్టింది. "ఆ మాట నాతో అనకు. దాంతోనే అను," అని లేచి వెళ్ళిపోయింది.

ఇల్పో గదిలోకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. భార్య సోయిలె గ్రంథాలయం నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. ఇంట్లో కంప్యూటరు ఫ్యాను గొణుగుడు తప్ప చప్పుడు లేదు. వంటింట్లోంచి తడి ఉన్ని వాసన ఇంకా వస్తూనే ఉంది.

బొమ్మ పైనుంచి ఒక్కో గీతా కిందికి దిగుతోంది. గాజు గోపురం, దాని వెనక నల్లటి ఆకాశం... బాగుంది. గోపురం కింద ఖాళీ మంచునేల రావాలి. అరగంట గడిచాక అక్కడ గుండ్రంగా ఏదో మొదలైంది. జుట్టు. నడినెత్తిన రూపాయంత బట్టతల. దాని పక్కన పుట్టుమచ్చ. మరో పది గీతలకి గోధుమరంగు స్వెట్టరు మెడపట్టీ.

ఇల్పో చెయ్యి తనకు తెలియకుండానే నెత్తిమీదికి పోయింది. పుట్టుమచ్చ తగిలింది.

గిరుక్కున వెనక్కి తిరిగాడు. గోడ. పుస్తకాల అర. అంతే.

బొమ్మ ఆపేసి ఫైలు తెరిచాడు. కన్ను గోపురం అంచున ఉండాలి, తను అక్కడే పెట్టాడు. ఇప్పుడు అది కుర్చీ వెనక ఉంది. మూడు వందల సెంటీమీటర్ల దూరంలో.

ఫైలు చెరిపేసి కెరను మళ్ళీ నడిపాడు. ఎంత పెద్దది? చెప్పాడు. ఎంత సన్నగా? చెప్పాడు. అప్పుడు మూడో ప్రశ్న వచ్చింది. కెరలో అలాంటి ప్రశ్నే లేదు.

పేరు?

ఇల్పో తన పేరు కొట్టాడు.

గంట పట్టే బొమ్మ నిమిషంలో వచ్చేసింది. ఈసారి వీపు ఇంకా దగ్గరగా ఉంది. స్వెట్టరు నిండా కడ్డీల నీడలు, త్రికోణాలు త్రికోణాలుగా. చూపు కిందికి దించాడు. నిజంగానే తన చేతుల మీద, మీటల మీద అవే నీడలు... గదిలో ఉన్నదల్లా ఒక్క బల్లదీపం.

పేరు?

"నాది," అన్నాడు పళ్ళు బిగబట్టి. "నాదేనే!" మళ్ళీ తన పేరే కొట్టాడు.

ఫైలులో కన్ను దూరం తగ్గుతోంది. నూరు... అరవై... ముప్ఫై. మెడమీద చల్లటి ఊపిరి తగిలింది. నీడలు సన్నబడుతున్నాయి. ఒక్కో త్రికోణం నాలుగవుతోంది... నాలుగూ పదహారు...

అప్పుడు భయం పుట్టింది. తైమి అని కొట్టబోయాడు. వేళ్ళు కదల్లేదు. మోకాళ్ళ మీద పడి, బల్లకింద దూరి ప్లగ్గు లాగేశాడు.

తెర ఆరిపోయింది. బొమ్మ మాత్రం ఆరలేదు. కళ్ళు మూసుకున్నాడు. అయినా కనిపిస్తూనే ఉంది. బల్లకింద ఒక మనిషి వంగి, చేతిలో ప్లగ్గు పట్టుకుని ఉన్నాడు. వెనకనుంచి.

డాక్టర్లు అతని కళ్ళలో ఏ దోషమూ లేదన్నారు. "ఏం కనిపిస్తోంది?" అని అడిగితే ఇల్పో ఒకటే చెప్పేవాడు: "నా వీపు." నడిస్తే తను దూరంగా వెళ్తున్నట్టు కనిపించేది. గోడకి గుద్దుకుంటే, గుద్దుకున్న మనిషి కనిపించేవాడు. పడుకున్నా ఆ చూపు మూతపడేది కాదు.

సోయిలె సంగతంతా విని, తనే కెరలో తైమి పేరు రాయించింది. ఉత్తరాలు రాసినవాళ్ళందరికీ నిజం చెప్పుకుంది. హిల్యాను బతిమాలి తీసుకొచ్చింది. ఇల్పో ఆవిడ గొంతు విని, ఆ వైపు తడుముకుంటూ పాదాల మీద పడి ఏడ్చాడు.

"నేను ఎప్పుడో క్షమించాను నాయనా," అంది హిల్యా మెల్లగా. "సమాధి దగ్గర కూర్చుని దానికీ చెప్పాను. అదే వినడం లేదు."

మార్చిలో ఒక పొద్దున సోయిలె అతనికెదురుగా నిలబడి షర్టు గుండీలు పెడుతోంది. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది. ఇల్పో తల కొద్దిగా పక్కకి వంచాడు.

"సోయిలె... ఇవాళ నా వీపు లేదు."

"నిజంగా?" ఆమె గొంతులో ఆశ. "మరేం కనిపిస్తోంది?"

"నా మొహం. నీ భుజం మీంచి." గుసగుసగా అన్నాడు. "కదలకు... తైమి నీ జుట్టుముడిలో పిన్ను తీస్తోంది."

సోయిలె రెండు చేతులూ అతని గుండీల మీదే ఉన్నాయి. ఆమె జుట్టు నెమ్మదిగా విడిపోయి భుజాల మీదికి జారింది.