దించావా, బావా?

మల్కాపురంలో మాది రెండు గదుల డాబా. ఓడరేవు పక్కనే కావడంతో పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి నల్లదుమ్ము పేరుకుంటుంది. పడగ్గది మరీ అన్యాయం. గోడల నిండా చెమ్మ, మధ్యలో ఒకే ఒక్క గుడ్డి ట్యూబులైటు. కాన్పుకి ఎలమంచిలిలోని పుట్టింటికి వెళ్తూ నా భార్య జ్యోతిర్మయి ఒకటే మాట చెప్పింది.

"బిడ్డనెత్తుకుని ఈ చీకటి కొట్లోకి రాను. గది బాగుచేయించండి, అప్పుడొస్తాను."

నా పేరు మోహనకృష్ణ. మాది గుడివాడ వైపు. రేవులో సరుకు లెక్క చూసే గుమాస్తాని. నన్ను అందరూ పిసినారి అంటారు. అననీ. ఉన్నంతలో గది వెలిగించాలనుకోవడం తప్పెలా అవుతుంది? లేత పసుపు రంగు నేనే వేసుకున్నాను. జ్యోతి పాత పట్టుచీర చించి కర్టెన్లు కుట్టించాను. వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్లో కాగితపు లాంతరు బుట్ట, గోడ అంచుకి అంటించే ఎల్ఈడీ పట్టీ, ఇంటికి కొత్తగా ఒక మెయిన్ స్విచ్చి దొరికాయి. కొత్తగా అంటే మాకు కొత్తది.

ఆ స్విచ్చి హాల్లో నేనే బిగించాను. గోడలోంచి వచ్చిన వైరు పొట్టిగా ఉంది. ముక్క అతకడం ఎందుకులే అని స్విచ్చినే తలకిందులుగా బిగించేశాను. అంటే మా ఇంట్లో పిడి పైకి ఉంటే కరెంటు ఆగినట్టు. కిందికి దించితే వచ్చినట్టు. ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే కదా, నాకు తెలిస్తే చాలనుకున్నాను.

పైకప్పుకి కొత్త లైటు పాయింటు తీయడానికి తవిటయ్యని పిలిచాను. రేవులోనే కాంట్రాక్టు ఎలక్ట్రీషియను, ఆదివారాలు ఇళ్ళ పనులు చేసేవాడు. చుట్టరికం లేకపోయినా అందరినీ బావా అనే పిలిచేవాడు. సొంత నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. నేను ముందే పిడి పైకెత్తి కరెంటు ఆపేశాను. అంతా సరిగ్గానే ఉంది. అప్పుడే జ్యోతి ఫోన్ చేసింది. హాల్లో నిలబడి మాట్లాడుతున్నాను. గదిలో నిచ్చెన కిర్రుమంది.

"మెయిన్ దించావా, బావా?"

లోకంలో ఏ ఇంట్లోనైనా దించడమంటే ఆపడమే. ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి దాని పాటికది పిడి పట్టుకుని కిందికి లాగేసింది.

"దించాను," అన్నాను.

అరుపు కూడా రాలేదు. నిచ్చెన మీంచి ఏదో బస్తా పడ్డట్టు చప్పుడైంది, అంతే. నేను వెళ్ళేసరికి తవిటయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. పోయాడని చూడగానే తెలిసింది.

నాకు ఉద్యోగం గుర్తొచ్చింది. జైలు గుర్తొచ్చింది. పొట్టలో ఉన్న బిడ్డ గుర్తొచ్చింది. పక్కవాళ్ళని పిలిచే ముందు స్క్రూడ్రైవరు తీసుకుని, వైరుకి ముక్క అతికి, స్విచ్చిని సరైన వైపుకి తిప్పి బిగించాను. పోలీసులతో నాకు చెప్పకుండానే ఎక్కేశాడని చెప్పాను. మందు వాసన కూడా వచ్చిందన్నాను. ఆ రెండో మాట ఎందుకన్నానో ఈరోజుకీ తెలీదు.

తవిటయ్య భార్య భ్రమరాంబ దినాలయ్యాక మా గుమ్మంలోకి వచ్చింది. ఏడవలేదు.

"మాయన అడక్కండా నిచ్చెనెక్కడు బాబూ. ఇరవయ్యేళ్ళుగా అడిగే ఎక్కీవోడు. మీరేటి సెప్పారు?"

"అడగలేదమ్మా."

గుమ్మం దిగి వెనక్కి తిరిగింది.

"అలగైతే ఆయనే వచ్చి అడుగుతాడు లెండి," అని వెళ్ళిపోయింది. నిచ్చెన అడగలేదు. నేనూ ఇస్తాననలేదు, అద్దె కలిసొస్తుందని.

రెండు నెలలకి పాప పుట్టింది. మిగిలిన పని నేనే మొదలుపెట్టాను. ఒకరోజు దీపాలు పెట్టే వేళ గది మూలన కూర్చుని ఎల్ఈడీ పట్టీ అంటిస్తున్నాను. దూరంగా ఓడ కూత వేసింది. కొత్త రంగు వాసన, ఉప్పుగాలి వాసన. వాటి కింద ఇంకోటి, వైరు కమిలిన వాసన. ప్లగ్గులన్నీ చూశాను. ఏదీ కాలలేదు.

వెనక నిచ్చెన కిర్రుమంది.

ఒక మెట్టు. కాస్త ఆగి ఇంకో మెట్టు. ఎవరో బరువైన మనిషి ఎక్కుతున్నట్టు... మూడు... నాలుగు... నా మెడ తిరగలేదు. కొత్త గోడ మీద నిచ్చెన నీడ పడుతోంది. నీడలో ఎవరూ లేరు. కానీ అయిదో మెట్టు కిందికి వంగింది.

"దించావా, బావా?"

గుసగుసే. పైకప్పు దగ్గర్నుంచి.

పారిపోయాను. నాకు సిగ్గేం లేదు. టీకొట్టు మూసేదాకా అక్కడే కూర్చున్నాను.

వారానికి జ్యోతి పాపతో వచ్చింది. గది చూసి మురిసిపోయింది. చీర కర్టెన్లని తడిమి, "ఇంత చవగ్గా ఇంత బాగా చేశారా?" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్కటే వంక పెట్టింది, లాంతరు బుట్ట మరీ పైకుందని. నేను వంటింట్లో పాలు కాస్తున్నాను. గదిలో నిచ్చెన కిర్రుమంది.

"ఏవండీ, మెయిన్ దించారా?"

నేను నోరు తెరవలేదు. అమ్మతోడు, తెరవలేదు.

"దించాను," అంది హాల్లోంచి నా గొంతు.

పాలగిన్నె వదిలేసి పరిగెత్తాను. హాల్లో ఎవరూ లేరు. స్విచ్చి పిడి పైకే ఉంది, అంటే సరిచేశాక ఇప్పుడు కరెంటు ఉన్నట్టే. గదిలో జ్యోతి వేళ్ళు హోల్డరుకి జానెడు దూరంలో ఉన్నాయి. నడుం పట్టుకుని కిందికి లాగేశాను. ఇద్దరం నేల మీద పడ్డాం. పాప గుక్కపట్టింది.

"మీరే కదా దించానన్నారు?"

"నేను అనలేదు."

"మీ గొంతు నాకు తెలీదా?"

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెబితే నన్నెలా చూస్తుందోనని భయమేసింది. ఇంట్లో వైరింగు బాగోలేదని చెప్పి మర్నాడే తల్లినీ పిల్లనీ ఎలమంచిలి పంపేశాను. తర్వాత నిచ్చెన మోసుకుని భ్రమరాంబ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే ఎదురైంది.

"అడిగాడా?" అంది.

అడిగాడమ్మా, ఆ రోజూ అడిగాడు, నేనే చంపాను అంటే సరిపోయేది. అంతా అక్కడితో ముగిసేదని నాకెందుకో ఆ క్షణంలో గట్టిగా అనిపించింది కూడా.

"లేదమ్మా," అన్నాను. "ఏదీ అడగలేదు."

తలూపింది. నిచ్చెన అందుకుని గోడకి ఆనించింది.

"మీ ఇంట్లోనే అడుగుతాడని ఏటుంది బాబూ," అని తలుపేసుకుంది.

ఇంటికొచ్చాను. సాయంత్రం ఆరున్నరకి జ్యోతి ఫోన్.

"అదేంటండీ, వస్తున్నట్టు చెప్పనేలేదు?"

"ఎక్కడికి?"

"ఇక్కడికే. తమ్ముడు మా గదిలో లైటు మార్చడానికి స్టూలెక్కబోతూ ఇప్పుడేగా అడిగాడు, మెయిన్ దించారా అని. హాల్లోంచి మీరే పలికారు. అమ్మ టీ పెడతానంటోంది. హాల్లో కనబడరేం? ఎక్కడున్నారు?"

"జ్యోతీ, మీ తమ్ముణ్ణి దిగమను. వెంటనే దిగమను..."

"ఏంటి? పాప ఏడుస్తోంది, వినబడట్లేదు."

పాప ఏడుపు వెనక ఏదో కిర్రుమంది. స్టూలు అలా కిర్రుమనదు. ఆ చప్పుడు నాకు తెలుసు. దాని మీంచి నా బావమరిది సాయిశంకర్ గొంతు, నవ్వుతూ, హాలు వైపు కేకేస్తూ.

"దించావా, బావా?"

లేదని అరవడానికి ఊపిరి పీల్చాను.

నాకన్నా ముందు ఫోన్లోంచి నా గొంతు, తాపీగా, జవాబు చెప్పింది.