ఆయుధపూజ నాటి దొంగ

విజయదశమి పొద్దున, చిక్కడపల్లిలో డిటెక్టివ్ జగన్మోహన్ ఆఫీసు మెట్ల మీద ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లి ఉంది.

"నా పేరు కురుమయ్య సార్. అశోక్‌నగర్ హాస్టల్ల ఉంట. నన్ను దొంగ అంటున్నరు."

ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చిన అతనికి పైకోర్సులో సీటు వచ్చింది. ఫీజు కట్టే స్తోమత లేదు. నారాయణగూడలో ఒక ట్రస్టు ఈసారి ఒక్క విద్యార్థికి ఫీజు కడుతుంది. స్వయంగా ఆకురాయితో అరగదీసిన ఉక్కు ముక్కను తెచ్చి చూపించాలి. మంచిరోజని ఈ మధ్యాహ్నమే రమ్మన్నారు. పోటీలో మిగిలింది ఇద్దరే. రెండోవాడు శ్రీశైలం, హాస్టల్ వార్డెన్ రామచంద్రయ్యకు మేనల్లుడు. నిన్న హాస్టల్ హాల్లో ఆయుధపూజకు పనిముట్లతో పాటు ఇద్దరి ముక్కలూ పెట్టారు. శ్రీశైలం చేసిన ముక్క పొద్దున కురుమయ్య పెట్టెలో దొరికింది.

"దొంగ అని ట్రస్టుకు చెప్తడంట వార్డెన్. గట్లయితే నేను ఊరికి పోయి గొర్లు కాసుడే."

సహాయకురాలు నవతను, కురుమయ్యను వెంటబెట్టుకుని జగన్మోహన్ హాస్టల్‌కు వెళ్లాడు.

"దొంగకు వకీలొచ్చిండు," అన్నాడు రామచంద్రయ్య.

"ఆ ముక్కను పూజలో పెట్టింది ఎవరండీ?"

"నేనే. పిల్లగాడు నా చేతికిచ్చిండు. నిన్న అమ్మవారి ముంగట పెట్టి, బొట్లు పెట్టేదాక ఆడికెళ్లి జరగలే. రాత్రి ఆ హాల్ల పండుకున్నది వీడొక్కడే."

"నా కష్టం దొంగిలిస్తవా, సిగ్గులేనోడా!" శ్రీశైలం మళ్లీ మీదికి దూకాడు. నవత అడ్డం నిలబడింది.

జగన్మోహన్ వంటమనిషి నర్సింహమ్మ వైపు తిరిగాడు. "అన్నిటికీ పసుపు పెట్టావా అమ్మా?"

"ఇనుము కనవడితె ఇడుస్తనా అయ్యా? తాళంకప్పకు సుత తడి పసుపు పూసి బొట్టు పెట్టిన. పూల కింద ఏది ఎవలదో నాకేం ఎరుక?"

పీఠం మీది సుత్తిని, కురుమయ్య ముక్కను తీసి జగన్మోహన్ రుమాలుతో తుడిచాడు. తర్వాత శ్రీశైలం ముక్కను అన్ని వైపులా తిప్పి చూశాడు. అద్దంలా మెరుస్తోంది. అందరినీ అమ్మవారి ముందుకు పిలిచాడు.

"చూడండి. తడి పసుపు రాత్రంతా ఉంటే ఉక్కుకు తుప్పు పడుతుంది. సుత్తికీ, కురుమయ్య ముక్కకూ గోధుమరంగు మచ్చ ఉంది. శ్రీశైలం ముక్కకు లేదు."

"వీడు తుడిచిండేమో!" అన్నాడు రామచంద్రయ్య.

"పసుపు తుడిస్తే పోతుంది. తుప్పును గీకితే గీతలు పడతాయి. దీని మీద ఒక్క కొత్త గీత లేదు. అంటే ఈ ముక్క పూజలోకే రాలేదు. తెచ్చి పెట్టానన్నది మీరు. బొట్లు పెట్టేదాకా కదలలేదన్నదీ మీరే. శ్రీశైలం మీ చేతికిచ్చిన దీన్ని పూజలో పెట్టకుండా, మీరే కురుమయ్య పెట్టెలో దాచారు. అమ్మవారి ముందు నిలబడి, కాదనండి."

నర్సింహమ్మ చెంపలు వేసుకుంది.

"మామా," శ్రీశైలం రామచంద్రయ్య వైపు తిరిగాడు. "నా పని గెలువదని నీకే అనిపించిందా?"

ఆ మాటకు రామచంద్రయ్య తల దించుకున్నాడు. జగన్మోహన్ ఫోన్ అతని ముందుకు జరిపాడు. ట్రస్టు వాళ్లకు అతని నోటితోనే నిజం చెప్పించాడు. పోటీలో కురుమయ్య పేరు నిలిచింది.

బయట శ్రీశైలం కురుమయ్య వెనకాలే పరుగెత్తాడు. "ఆగు అన్నా, ఇద్దరం కలిసి పోదాం."

"దొంగ పక్కన నడుస్తె నీకు నామోషీ కాదా?"

కురుమయ్య తన ముక్కను చంకలో పెట్టుకుని, రోడ్డు దాటి అవతలి పక్కన నారాయణగూడ వైపు నడిచాడు.