సీలు చెదరని సగం మీసం

ఉదయం పదింబావుకు హైకోర్టు రికార్డు గుమాస్తా డిటెక్టివు ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి అతని ముఖంలో నెత్తుటిచుక్క లేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మగారూ, మీసం పోయింది.”

మరిదిగారు అతని ముఖంలోకి పరీక్షగా చూశాడు. పెన్సిలుతో గీసినట్టున్న సన్న మీసం ఉన్నచోటే ఉంది.

“ఉందిగదయ్యా!”

“నాది కాదండీ. కోర్టువారిది.”

మరిదిగారంటే డిటెక్టివు చెల్లెలి భర్త. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక, ఇంట్లో ఉంటే భార్య కూరలు తరగమంటుందని ఈ ఆఫీసులో సహాయకుడిగా చేరాడు. డిటెక్టివు అలా పిలుస్తుంది కాబట్టి ఆ వీధంతా అలాగే పిలుస్తుంది. ఇక ఆవిడ, అందరి నోటా స్టెనోగారు. ఇరవయ్యెనిమిదేళ్ళు కోర్టులో సాక్షుల మాటలు షార్ట్‌హ్యాండులో రాసి, అబద్ధం ఏ మాట దగ్గర తడబడుతుందో చెవితోనే పట్టడం నేర్చుకుంది. ఇప్పుడు కోర్టుకు ఎదురుగా, జిరాక్సు కొట్టు పైగదిలో ఆవిడ బోర్డు వేలాడుతోంది. వదినగారి బుర్ర మీద మరిదిగారికి ఎంత గురి అంటే, ఆవిడ తుమ్మినా నోటుబుక్కులో రాసుకుంటాడు.

“మొదట్నుంచీ చెప్పండి,” అంది స్టెనోగారు.

గుమాస్తా చెప్పాడు. ఆరేళ్ళ కిందట ఒక మంగలి కొట్టులో బ్యాండు మాస్టారి ఎడమవైపు మీసం ఊడింది. నిమ్మకాయ నిలబెట్టేంత మీసం అది. కావాలనే కత్తిరించాడని బ్యాండు మాస్టారు కేసు పెట్టాడు. అక్కడే గడ్డం గీయించుకోడానికి కూర్చున్న కానిస్టేబులు ఆ సగం మీసాన్ని తువ్వాలుతో సహా పట్టుకెళ్ళి, కవర్లో పెట్టి సీలు వేయించాడు. కింది కోర్టు మంగలికి మూడు నెలల జైలు వేసింది. అప్పీలులో సెషన్స్ కోర్టూ ఖాయం చేసింది. ఇప్పుడు రివిజను హైకోర్టుకొచ్చింది. కవరు తన ముందు విప్పాలని జడ్జిగారు ఆదేశించారు. విచారణ ఇవాళే, మధ్యాహ్నం రెండుంబావుకు.

“నిన్న పొద్దున కవరు తడిమితే గొంగళిపురుగులా మెత్తగా తగిలిందమ్మా. ఇవాళ చూస్తే అప్పడంలా పల్చగా ఉంది. లక్క సీలు మాత్రం చెక్కు చెదరలేదు. రిజిస్ట్రారుగారికి చెబితే నా ఉద్యోగం ఊడుతుంది.”

“నిన్న రికార్డు ఎవరెవరు చూశారు?”

“పొద్దున మంగలీ, వాళ్ళ లాయరమ్మా. మధ్యాహ్నం బ్యాండు మాస్టారు. నా ఎదురుగానే.”

“మీరు లేచి వెళ్ళలేదా?”

గుమాస్తా తల దించుకున్నాడు. “పొద్దున టీకి ఐదు నిమిషాలు. మధ్యాహ్నం ఆఫీసరుగారు పిలిస్తే పావుగంట.”

మెట్లు దిగుతుండగానే మరిదిగారు తీర్పు చెప్పేశాడు. “మంగలే, వదినగారూ. సాక్ష్యం పోతే శిక్ష పోతుంది. లెక్క సరిపోయింది.”

“బళ్ళోనూ ఇంత తొందరగానే మార్కులు వేసేవారా మరిదిగారూ?” అంది ఆవిడ.

రికార్డు గదిలో దుమ్ముకి మరిదిగారు నాలుగుసార్లు తుమ్మాడు. స్టెనోగారు కవరును కిటికీ వెలుగులో తిప్పి చూసింది. పైన సీలు పదిలం. అడుగు అంచు దగ్గర ఆవిడ వేలు ఆగింది. అక్కడ జిగురు తేనె రంగులో మెరుస్తోంది, ఇంకా పూర్తిగా ఆరలేదు. వాసన చూసి మరిదిగారికి అందించింది.

“గుగ్గిలం వాసన,” అన్నాడాయన.

“మీరు వాడే జిగురేదండీ?” అని గుమాస్తాను అడిగింది.

“మైదా పిండి ఉడకబెడతాం. ఆరితే తెల్లగా పెళుసుబారుతుంది.”

తర్వాత ఆవిడ ఫైలు తిరగేసింది. తానెంత పరువు గల మనిషో చూపించడానికి బ్యాండు మాస్టారు దాఖలు చేసిన ఫొటో దగ్గర ఆగింది. అందులో ఆయన బ్యాండు ముందు నిలబడి చేతికర్ర ఎత్తి ఉన్నాడు, మీసం రెండువైపులా మెలితిరిగి ఉంది. వెనకాల తేదీ ఉంది. ఆవిడ ఆ తేదీని మరిదిగారి చేత రాయించింది. మీసం ఊడిన తొమ్మిదో రోజది.

పదకొండున్నరకు వరండాలో మంగలి దొరికాడు. బక్కపలచని మనిషి, భుజాలు ముడుచుకుని బెంచీ చివర కూర్చున్నాడు. పక్కన లాయరమ్మ.

“ఆ రోజు ఏం జరిగింది?” అంది స్టెనోగారు.

“ఆ వీధిలో కొట్టు పెట్టి నాలుగు రోజులే అయిందమ్మా. మాస్టారు కూర్చుంటూనే ‘మీసం ముట్టుకోకు’ అన్నారు. ముట్టుకోలేదు. గడ్డం మెత్తబడుతుందని, అడక్కుండానే వేడి తువ్వాలు ముఖాన వేశా. తీసేసరికి సగం మీసం తువ్వాలుకొచ్చింది. కత్తి ఇంకా పెట్టెలోనే ఉంది!”

“ఆ మీసం చేత్తో పట్టుకున్నావా?”

“ఎక్కడమ్మా! ఆయన గొంతు చించుకుని అరుస్తుంటే నేను వెనక్కి జరిగిపోయా. కానిస్టేబులే తీసుకున్నాడు. ఆరేళ్ళయింది, నా కొట్టుకు మనిషి రాడు. శిక్ష పడ్డవాడి కత్తి కింద మెడ ఎవరు పెడతారు?”

లాయరమ్మ అందుకుంది. “వేడి తువ్వాలుకు మీసం ఊడటం లోకంలో లేదని రెండు కోర్టులూ రాశాయండీ. రివిజనులో హైకోర్టు సాక్ష్యాన్ని మళ్ళీ తూకం వెయ్యదు, కింది కోర్టులు చట్టం తప్పాయా అన్నదే చూస్తుంది. కవరు ఒక్కసారైనా విప్పకుండా శిక్ష వేశారు, అదే తప్పని నేను పట్టుకున్నాను. విప్పించమని పిటిషను వేసింది నేనే. ఇప్పుడది ఖాళీ అయితే మునిగేది మేమే!”

మరిదిగారు తన నోటుబుక్కులో ‘మంగలే’ అన్న మాటను ఎవరూ చూడకుండా కొట్టేశాడు.

పన్నెండింటికి బ్యాండు మాస్టారు భార్యతో సహా వచ్చాడు. ఇత్తడి గుండీల కోటు, కోటుకు మించిన మీసం. మాట్లాడుతున్నంతసేపూ మెడ ఎత్తే ఉంచాడు.

“నిన్న రికార్డు చూడ్డానికి ఎందుకొచ్చారు మాస్టారూ?”

“నా కేసు, నా కాగితాలు. చూసుకోకూడదా?”

“కవరు ముట్టుకున్నారా?”

“ముట్టుకోవాల్సిన ఖర్మేం నాకు? పోయిన మీసం పోయింది. మళ్ళీ పెంచుకున్నాను.”

“ఎన్నాళ్ళకు పెరిగింది?”

“ఏడాది పట్టింది!” అన్నాడు ఆయన రోషంగా.

స్టెనోగారు ఎండలో నిలబడ్డ ఆయన్ని ఒక నిమిషం చూసి, మరిదిగారి చెవిలో అంది: “ఎడమ మీసం కారునలుపు, కుడిది వెలిసిపోయిన గోధుమరంగు. రాసుకోండి. రాశాక క్యాంటీనుకెళ్ళి ఒక తువ్వాలూ, కెటిలుతో వేడినీళ్ళూ పట్రండి.”

ఒంటిగంటకు, భోజన విరామంలో, అందరూ రికార్డు గదిలో చేరారు. గుమాస్తా తలుపు దగ్గర చేతులు నలుపుకుంటున్నాడు. మంగలి గోడకు అంటుకుపోయాడు. రిజిస్ట్రారుగారు కూడా వచ్చారు, స్టెనోగారు పిలిస్తే ఆయన రాననలేడు. ఆయన మొదటి డిక్టేషన్లు తప్పుల్లేకుండా దిద్దిపెట్టింది ఆవిడే.

“సీలు విప్పకుండా మీసం ఎలా పోయిందన్నది పెద్ద చిక్కేం కాదు,” అని మొదలుపెట్టింది స్టెనోగారు. “దొంగ సీలు జోలికే పోలేదు. పాత పిండి జిగురు పెళుసు కనుక అడుగు అంచును గోటితో విప్పి, లోపలిది తీసి, మళ్ళీ అంటించాడు. దేంతో అంటించాడన్నదే అసలు సంగతి. ఇది ఆఫీసు జిగురు కాదు. ఒకప్పుడు ఒక నాటక కంపెనీ దావాలో మేకప్పు మనిషి సాక్ష్యం రెండు రోజులు రాసుకున్నాను. గుగ్గిలాన్ని స్పిరిట్‌లో కరిగిస్తే వచ్చే జిగురిది. పెట్టుడు గడ్డాలకు వాడతారు. చెమటకు ఆగుతుంది, వేడికి మాత్రం కరుగుతుంది.”

బ్యాండు మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

“ఇప్పుడు మంగలి మాట వినండి. వేడి తువ్వాలు వేస్తే మీసం ఊడొచ్చిందన్నాడు. రెండు కోర్టులూ నవ్వాయి. నిజానికి అతను అక్షరం పొల్లుపోకుండా జరిగిందే చెప్పాడు. మాస్టారేమో మీసం పెరగడానికి ఏడాది పట్టిందన్నారు. ఆయన దాఖలు చేసిన ఫొటోలోనే తొమ్మిదో రోజుకు నిండు మీసముంది! తొమ్మిది రోజుల్లో మెంతికూర పెరుగుతుందేమో గానీ మీసం పెరగదు. కొట్టులో పదిమంది ముందు పెట్టుడు మీసమన్న గుట్టు బయటపడబోతుంటే, తన పరువు దక్కించుకోవడానికి తానే ముందు అరిచారు. ఇవాళ కవరు విప్పితే ఆ గుట్టు తేలిపోతుందని నిన్న దాన్ని తీసేశారు.”

“అబద్ధం!” అన్నాడు బ్యాండు మాస్టారు. “నేనే తీస్తే ఆ మీసం ఏదీ? నా జేబులు వెతుక్కోండి!”

“జేబులెందుకండీ? సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం నాకు అలవాటు లేదు. మీ కుడి మీసం ఆరేళ్ళు ఎండలో తిరిగి వెలిసింది. ఎడమది ఆరేళ్ళు చీకటి కవర్లో ఉంది కాబట్టి నల్లగా నిగనిగలాడుతోంది. కోర్టువారి వస్తువు మీ ముఖం మీదే ఉంది.” ఆవిడ మంగలి వైపు తిరిగింది. “నాయనా, ఆ రోజు చేసిందే ఇంకొక్కసారి చెయ్యి.”

మంగలి తువ్వాలును వేడినీళ్ళలో ముంచి పిండాడు. బ్యాండు మాస్టారు రెండడుగులు వెనక్కి వేశాడు, వెనక బీరువా తగిలింది. తర్వాత తానే ముందుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

తువ్వాలు తీసేసరికి ఈసారి రెండు సగాలూ ఊడొచ్చి, ముక్కు కింద నున్నటి చర్మం తప్ప ఏమీ లేదు. రిజిస్ట్రారుగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“ఆ కొట్టుకెళ్ళే వారం ముందే కొత్తగా చేయించుకున్న జత అది, చేసిచ్చిన ముసలాయన పోయాడండీ,” అన్నాడు బ్యాండు మాస్టారు గొంతు తగ్గించి. “అలాంటిది మళ్ళీ ఎవరూ చెయ్యలేకపోయారు. ఈ ఆరేళ్ళూ ఎడమవైపు పెట్టుకున్నది నకలని నాకు తెలుస్తూనే ఉండేది. నిన్న అసలుది చేతికొచ్చాక పారెయ్యడానికి మనసొప్పలేదు.” తర్వాత భార్య వైపు తిరిగాడు. “నీకెప్పుడో చెప్పాల్సింది.”

“చెప్పేదేముంది?” అంది ఆవిడ. “పెళ్ళయిన నాలుగో రోజే దిండు మీద దొరికింది. మళ్ళీ మీ తలదగ్గరే పెట్టాను. మీ అంతట మీరు చెబుతారని ముప్పయ్యేళ్ళు చూశాను. నాకొక్కదానికి చెప్పుకునే ధైర్యం ఉంటే, ఈ పిల్లాడిమీద కేసు పెట్టేవారా? తెలిసీ నోరు మూసుకున్నందుకు నాకూ సిగ్గుగానే ఉంది.”

రెండుంబావుకు జడ్జిగారు ఖాళీ కవరునూ, పళ్ళెంలో పెట్టిన మీసాన్నీ మార్చి మార్చి చూశారు. “కింది కోర్టులు రెండూ ఈ మీసం గురించి నలభై పేజీలు రాశాయి. మీసాన్ని మాత్రం చూడలేదు,” అని, శిక్ష కొట్టేశారు. తప్పుడు సాక్ష్యానికీ, కోర్టు వస్తువు తీసినందుకూ బ్యాండు మాస్టారికి నోటీసు ఇవ్వమన్నారు. గుమాస్తాకు మెమో ఒకటి దక్కింది. ఉద్యోగం నిలిచిందన్న సంతోషంలో దాన్ని అతను అభినందన పత్రంలా రెండు చేతులా అందుకున్నాడు.

వరండాలో బ్యాండు మాస్టారు మంగలి ముందు చేతులు జోడించాడు.

“ఇక్కడ కాదు మాస్టారూ,” అన్నాడు మంగలి. “నా కొట్టు ముందు చెప్పండి. ఆ రోజు చూసినవాళ్ళంతా వినాలి.”

ఆదివారం పొద్దున, మీసం లేకుండా, కోటు గుండీలన్నీ పెట్టుకుని ఆయన ఆ కొట్టు ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు. సగంలో గొంతు బొంగురుపోతే, భార్య మంచినీళ్ళిచ్చి మిగతాది కూడా చెప్పించింది. వీధిలో ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఒక పెద్దాయన గడ్డం నిమురుకుంటూ లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకో ముగ్గురు నిలబడ్డారు. మరిదిగారు నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకుని, ఐదో మనిషిగా వరసలో చేరాడు.